వెదురు బద్ద కణుపు దాటగానే పక్కకు ఎందుకు పోతుంది? చీల్చే పద్ధతి గురించి వివరంగా

మీ ప్రశ్నలోని సారాంశం నాకు ఇలా అర్థమైంది. మీరు బుట్టల అల్లిక కొత్తగా నేర్చుకుంటున్నారు. అల్లిక కొంతవరకు చేతికి వచ్చింది గాని, బద్దలు తీయడం రావడం లేదు. కలప అడితిలో కొన్న బొంగును వంటింటి కత్తితో చీలుస్తుంటే, రెండు కణుపులు దాటేసరికి చీలిక ఒక పక్కకు జరిగిపోయి, ఒక బద్ద సన్నబడి తెగిపోతోంది, రెండోది మోటుగా మిగిలిపోతోంది. మొదలు (వేరు వైపు చివర) నుంచి చీల్చాలా, కొస (పై చివర) నుంచి చీల్చాలా, లేక చీల్చే యంత్రమే కొనుక్కోవాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, పచ్చి బొంగును తీసుకుని, కొస వైపు నుంచి, ప్రతిసారీ సగానికి సగంగా చీల్చండి. చీలిక ఒక పక్కకు జరుగుతున్నట్టు కనిపించిన వెంటనే మందంగా ఉన్న సగాన్ని ఎక్కువగా వంచండి. యంత్రం మీకు ఇప్పుడు అవసరం లేదు. మీ బద్దలు చెడిపోవడానికి మీ చేతి తప్పు కొంత ఉంటే, ఎండిపోయిన అడితి బొంగు తప్పు అంతకంటే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

మాది గోకవరం వైపు మేదర కుటుంబం. రంపచోడవరం కొండల నుంచి దిగే వెదురు మీద మా తాతల కాలం నుంచి బతుకుతున్నాము. తట్టలు, చేటలు, గంపలు, గాదెలు అల్లడంతో మొదలుపెట్టిన నేను కొన్నేళ్లుగా కొత్తవారికి పని నేర్పుతున్నాను. కింద రాసేదంతా మా ఇంటి పద్ధతి. వేరే ఊళ్లలో కత్తి ఆకారం, కూర్చునే తీరు, బద్దలకు వాడే పేర్లు కొంత మారవచ్చు.

మొదట, వెదురు ఎందుకు చీలుతుందో తెలుసుకుంటే మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది. మానులో నడిమి నుంచి బెరడు వైపు అడ్డంగా పోయే కణాలు ఉంటాయి. అవి నార పోగులను పక్కలకు పట్టి ఉంచుతాయి. వెదురులో అవి లేవు. కణుపుకూ కణుపుకూ మధ్య నార అంతా నిలువుగా, పక్కపక్కనే పేర్చిన దారాల్లాగా ఉంటుంది. అందుకే కత్తి ఒకసారి లోపలికి దిగిన తరువాత కోయవలసినదేమీ ఉండదు. కత్తి వెనుక వీపు మేకులాగా రెండు సగాలను ఎడంగా నెడుతుంది, చీలిక కత్తి అంచు కంటే ముందే పరుగెత్తుతుంది. కణుపు దగ్గర మాత్రం నార మెలి తిరిగి, కొంత లోపలి అడ్డుపొరలోకి మళ్లుతుంది. అంతవరకు తిన్నగా వచ్చిన చీలిక అక్కడ దారి తప్పడానికి కారణం అదే. మీ బద్దలు రెండో కణుపు దగ్గర పాడవుతున్నాయని మీరు రాసినప్పుడే, మీ కత్తి కణుపులో నారను తెంపుతూ పోతోందని నాకు అనిపించింది.

చీలిక ఎటు పోతుందన్నది కత్తి అంచు నిర్ణయించదు, వంపు నిర్ణయిస్తుంది. రెండు సగాల్లో ఏది ఎక్కువ వంగితే చీలిక దాని వైపుకు జరుగుతుంది. సన్నటి సగం సహజంగానే తేలికగా వంగుతుంది కాబట్టి, మనం ఏమీ చేయకపోతే చీలిక దాని వైపుకే ఇంకా ఇంకా జరిగి చివరకు దాన్ని తెంపేస్తుంది. కొత్తవారి చేతిలో జరిగేది ఇదే. సన్నబడుతున్న బద్ద తెగిపోతుందేమోనన్న భయంతో దాన్నే పట్టుకుని లాగుతారు. లాగిన కొద్దీ అది వంగుతుంది, వంగిన కొద్దీ సన్నబడుతుంది. చేయవలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. సన్నటి సగాన్ని తిన్నగా, కదలకుండా పట్టుకుని, మందపు సగాన్ని మాత్రమే బయటికి వంచుతూ లాగాలి. జానెడు దూరం పోయేసరికి చీలిక మళ్లీ నడిమికి వస్తుంది. అప్పుడు రెండు చేతులూ సమంగా లాగండి. పొడవాటి బొంగు అయితే మందపు సగాన్ని కాలితో నేలకు అదిమి, రెండో దాన్ని చేత్తో తిన్నగా ఎత్తి పట్టుకుంటాము. తేడా కంటికి స్పష్టంగా కనబడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. నూలుపోగంత తేడా వచ్చినప్పుడే చేయి మార్చాలి.

సగానికి సగం అనే నియమం వెనుక ఉన్నదీ ఇదే కారణం. మీకు వేలెడు వెడల్పు బద్ద కావాలనుకుని బొంగు అంచు నుంచి వేలెడు చొప్పున ఒక్కొక్క బద్దనే ఊడదీస్తే, ప్రతిసారీ ఒక పక్క సన్నది, ఒక పక్క లావుది అవుతుంది. చీలిక ప్రతిసారీ సన్నదాని మీదికే పోతుంది. అలా కాకుండా బొంగును రెండుగా, రెండును నాలుగుగా, నాలుగును ఎనిమిదిగా, ఎనిమిదిని పదహారుగా చేస్తే, ప్రతి చీలికలోనూ రెండు పక్కలూ సరిసమానంగా ఉంటాయి. లెక్క కూడా ముందే తెలుస్తుంది. 6 సెంటీమీటర్ల లావు బొంగు చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లు. దాన్ని 16 చేస్తే ఒక్కొక్కటి సుమారు 12 మిల్లీమీటర్లు, 32 చేస్తే 6 మిల్లీమీటర్లు వస్తుంది. 12 మిల్లీమీటర్లది తట్టకు నిలువు బద్దగా సరిపోతుంది, 6 మిల్లీమీటర్లది అడ్డంగా అల్లే ఈనెకు సరిపోతుంది. కాబట్టి కావలసిన బద్ద వెడల్పును బట్టి బొంగు లావును ఎంచుకోవాలి గాని, దొరికిన బొంగు నుంచి తోచిన వెడల్పు తీయాలని చూడకూడదు.

ఇక ఏ చివర నుంచి అన్న మీ ప్రశ్న. మేము కొస వైపు నుంచే మొదలుపెడతాము. బొంగు గోడ మొదట్లో మందంగా, కొసకు పోయే కొద్దీ పలుచగా ఉంటుంది. పలుచని చోట గాటు నడిమికి పడకపోతే దిద్దుకోవడానికి చోటే ఉండదు కాబట్టి, అక్కడ తీరిగ్గా చూసుకుని గాటు పెట్టడమే మేలు. అక్కడి నుంచి చీలిక మందం పెరిగే వైపుకు పోతుంది గనుక, దారిలో చిన్న పొరపాటు జరిగినా సరిచేసుకునే వీలు పెరుగుతూ వస్తుంది. మొదలు నుంచి చీల్చుకుంటూ వస్తే మొదట్లో చేసిన చిన్న పొరపాటు కొసకు వచ్చేసరికి సగం గోడను తినేస్తుంది. జపాను వెదురు పనివారిలో కూడా, కలపనైతే మొదలు నుంచి, వెదురునైతే కొస నుంచి చీల్చాలనే మాట ఒకటి ఉంది. మన దగ్గర మొదలు నుంచి చీల్చే పెద్దలూ ఉన్నారు, వారి బద్దలు చక్కగానే వస్తాయి. కాని వారి చేతికి నలభై ఏళ్ల అనుభవం ఉంది. నేర్చుకునేవారికి కొస నుంచి చీల్చడమే క్షేమం.

మొదటి గాటు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. కణుపుల దగ్గర కొమ్మ కన్నులు ఒక కణుపుకు ఈ పక్క, తరువాతి కణుపుకు ఆ పక్క వస్తాయి. ఆ కన్నుల వరుస మీదుగా మొదటి గాటు పెడితే రెండు సగాలూ ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు ఉంటాయి, చీలిక తిన్నగా పోతుంది. కన్నుల మచ్చలు బద్దల అంచుల్లోకి పోతాయి, చివరకు రెండు మూడు బద్దలే చెడిపోతాయి. అలా కాక కన్ను బద్ద నడిమిలో పడితే, అల్లేటప్పుడు వంచగానే బద్ద సరిగ్గా అక్కడే విరుగుతుంది.

చీల్చడానికి ముందే పైన ఉబ్బి ఉన్న కణుపులన్నింటినీ కత్తితో చివ్వి, అరచేతికి తగలనంత నునుపు చేయండి. సగాలు విడిపోయాక లోపలి అడ్డుపొరలను కత్తి వీపుతో కొట్టి రాల్చేయండి, వాటిని ఉంచుకుని నాలుగుగా చీల్చబోవద్దు. చీలిక కణుపు దగ్గరికి రాగానే లాగడం ఆపి, కత్తిని కణుపు దాకా జరిపి, వీపు మీద కొయ్యతో ఒక్క దెబ్బ వేయండి. కణుపు టప్పున విడుతుంది. ఆ తరువాత కత్తిని కొద్దిగా మెలితిప్పితే తరువాతి కణుపు దాకా చీలిక దానంతట అదే పోతుంది. కణుపు మధ్యలో ఉండగా వంచి లాగడమే మీరు చేస్తున్న పొరపాటని నా అనుమానం.

కత్తి గురించి. వంటింటి కత్తి రేకు పలుచన, అంచు పదును. అది నారను విడదీయదు, కోస్తుంది, పైగా మెలితిప్పినప్పుడు తానే వంగుతుంది. వీపు మందంగా ఉండి, అంచు ఓ మాదిరి పదునుతో ఉన్న బరువైన కత్తి కావాలి. మా ఇంట్లో ఉన్నవన్నీ పాత లారీ కమాను పట్టాతో కమ్మరి చేత కొట్టించినవి. జానెడు రేకు, పిడికి సరిపడా కొయ్య పిడి. వెదురు పై పొరలో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది కాబట్టి ఎంత మంచి కత్తి అయినా త్వరగా మొద్దుబారుతుంది; చీల్చే కత్తికి అది పెద్ద లోపం కాదు. చివ్వడానికి మాత్రం వేరే చిన్న కత్తి పెట్టుకుని, దాన్ని రోజూ నూరుకోండి.

లావుపాటి బొంగును ఒకేసారి నాలుగు చేయాలంటే ఇంకో పాత ఉపాయం ఉంది. కొస మీద కత్తితో కూడిక గుర్తులాగా రెండు గాట్లు పెట్టి, అర జానెడు లోపలికి చీలనిచ్చి, ఆ సందుల్లో గట్టి కొయ్య పుల్లలు రెండు అడ్డంగా పెట్టి, వాటి మీద కొట్టుకుంటూ మొదలు దాకా దింపుతారు. తడకలకు, గాదెలకు పెద్ద మొత్తంలో బద్దలు కావలసినప్పుడు ఇది వేగంగా సాగుతుంది. సన్నటి పనికి నేను దీన్ని వాడను, ఎందుకంటే దారి తప్పుతున్న చీలికను ఈ పద్ధతిలో మధ్యలో సరిదిద్దడం కష్టం.

ఇప్పటిదాకా చెప్పింది వెడల్పు కోసం చీల్చడం. రెండో దశ పొరలు తీయడం. నిజమైన నేర్పు అక్కడే ఉంది. బొంగు గోడలో పచ్చటి పై పొర వైపు నార దట్టంగా ఉంటుంది, లోపలికి పోయే కొద్దీ నార తగ్గి మెత్తటి గుజ్జు పెరుగుతుంది. అల్లికకు పనికివచ్చేది పై భాగం. లోపలి భాగం మోటు బుట్టలకు, తడకలకు సరిపోతుంది. బద్దను నిలబెట్టి మందంలో గాటు పెట్టి రెండు పొరలుగా విడదీయాలి. ఇక్కడ సగానికి సగం నియమానికి చిన్న సవరణ ఉంది. పై పొర గట్టిది, లోపలిది మెత్తనిది కాబట్టి, కొలతకు సరిగ్గా సగం పెడితే మెత్తని లోపలి పొర ఎక్కువ వంగి చీలిక దాని వైపుకు పోతుంది. అందువల్ల గాటును పచ్చ వైపుకు కొద్దిగా జరిపి, పది పాళ్లలో పైకి నాలుగు, లోపలికి ఆరు ఉండేటట్టు పెట్టండి. విడదీసేటప్పుడు మా పెద్దలు ఒక పొరను పంటితో పట్టుకుని, రెండో పొరను ఒక చేత్తో లాగుతూ, ఇంకో చేతి బొటనవేలు చీలిక మొనకు సరిగ్గా వెనుక ఆనించి పోయేవారు. పళ్లు అరిగిపోవడం, పెదవులు కోసుకోవడం చూశాను కాబట్టి నేను నేర్పేవారిని పంటికి బదులు కాలి వేళ్ల మధ్య గాని, మోకాలి కింద గాని పట్టుకోమంటున్నాను. చేయి కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

ఇక పచ్చి బొంగు సంగతి. అడితిలో నిచ్చెనలకు, పందిళ్లకు అమ్మే బొంగు నెలల తరబడి ఎండినది. ఎండిన నార వంగనని మొరాయిస్తుంది, వంచి దిద్దే పద్ధతి దాని మీద పనిచేయదు. కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. ఇరవై మంది ఆడవాళ్లు నేర్చుకోవడానికి వచ్చారు. వారికోసం రెండు నెలల ముందే బొంగులు తెచ్చి ఎండలో పడేశారు. మొదటి రోజు ఒక్కరికి కూడా రెండు కణుపుల పొడవు బద్ద రాలేదు. తమకు చేతకావడం లేదని కొందరు మానేసి వెళ్లిపోబోయారు. బొంగులన్నీ ఊరి చెరువులో మూడు రోజులు నానబెట్టించాను. నాలుగోరోజు చీల్చడం వరకు బాగానే సాగింది గాని, అల్లేటప్పుడు వంపుల దగ్గర పై పొర పగిలింది. చివరకు కొత్తగా నరికిన బొంగులు పది తెప్పిస్తే, మొదటి రోజు ఓడిపోయామనుకున్న ఆ చేతులే మధ్యాహ్నానికల్లా చక్కటి బద్దలు తీశాయి. ఆ రోజు వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నరికిన వారం పది రోజుల్లో చీల్చగలిగితే మంచిది. ఆలస్యమైతే నీడలో తడి గోనె కప్పి ఉంచండి.

ఎలాంటి బొంగు నరకాలి? రెండు వానాకాలాలు చూసినది. ఆ ఏటిదైతే ఒంటి మీద తెల్లటి పొడి, కణుపుల దగ్గర తొడుగులు ఇంకా ఉంటాయి. చీల్చడానికి వెన్నలాగా ఉంటుంది గాని, ఆరాక ముడుచుకుపోయి బుట్ట వదులవుతుంది. నాలుగేళ్లు దాటినదాని మీద మచ్చలు పడి రంగు పాలిపోతుంది; అది పందిరికి మంచిది, అల్లికకు పెళుసు. మన అడవుల్లో ఎక్కువగా దొరికేవి సాధనపు వెదురు, ముళ్ల వెదురు. సాధనపు వెదురు గోడ చాలా మందం, ఎండ తగిలే కొండ వాలుల్లోనైతే లోపల దాదాపు గట్టిగా పూడిపోయి ఉంటుంది. కర్రలకు అది మేటి గాని పొరలు తీయడానికి శ్రమ ఎక్కువ. ముళ్ల వెదురు అడుగు భాగం వంకరగా ఉంటుంది, దాన్ని వదిలేసి నడిమి భాగం తీసుకుంటే అల్లికకు బాగుంటుంది. ఏ రకమైనా కణుపుల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న, వంకర లేని ముక్కనే ఎంచుకోండి.

పచ్చి బొంగు ఎక్కడి నుంచి తేవాలన్న సందేహం మీకు రావచ్చు. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి కాని భూమిలో పెంచిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించారు, అంటే ఆ చట్టంలో చెట్లకున్న ఆంక్షలు దానికి వర్తించవు. కాబట్టి మీ దగ్గర పొలం గట్ల మీద వెదురు పెంచే రైతు ఎవరైనా ఉంటే నేరుగా కొనుక్కోవడమే తేలిక. అడవి వెదురు 2006 అటవీ హక్కుల చట్టం కింద చిన్న తరహా అటవీ ఉత్పత్తి. దాన్ని సేకరించుకునే హక్కు అడవిలో బతికేవారిది, మీరు వారి నుంచి కొనవచ్చు. సొంతంగా అడవిలోకి వెళ్లి నరకవద్దు.

నరికే కాలం విషయంలో నేను ఒకసారి బాగా నష్టపోయాను. వానాకాలంలో నరికిన బొంగుతో పూల బుట్టలు పెద్ద మొత్తంలో అల్లి ఇచ్చాను. రెండు నెలలకు పురుగు తొలిచి వాటి కింద పొడి రాలడం మొదలైంది. పురుగుకు కావలసింది వెదురులోని పిండి పదార్థం, చక్కెర. కొత్త పిలకలు పుట్టి పెరిగే వానాకాలంలో నరికితే పొదకూ నష్టమే. కార్తీకం నుంచి మాఘం దాకా నరకడం మంచిది. చీల్చిన బద్దలను పారే నీటిలో రెండు వారాలైనా నానబెడితే ఆ పిండి పదార్థం చాలావరకు కారిపోతుంది. నిలవ నీటిలోనైతే మరకలు, వాసన పడతాయి. అలంకరణ బుట్టలకైతే 50 లీటర్ల నీటిలో 1 కిలో బోరిక్ ఆమ్లం, 1.5 కిలోల బోరాక్స్ కలిపి బద్దలను నానబెట్టవచ్చు. చేట, జల్లెడ, అన్నం వార్చే సిబ్బి వంటి తిండి తగిలే వస్తువులకు ఈ మందు వాడకండి. వాటికి నీటిలో నానబెట్టడం, పొగ పట్టించడం చాలు.

యంత్రం విషయానికి వస్తే, చుట్టూ కత్తులు అమర్చిన చక్రంలోకి బొంగును నెట్టే రకం యంత్రాలు నేను వాడి చూశాను. తిన్నటి, ఒకే లావు ఉన్న బొంగుకు అవి బాగా పనిచేస్తాయి, అగరుబత్తి పుల్లల వంటి పనికి అవసరం కూడా. బొంగు కాస్త వంకర ఉన్నా అవి నార వెంట పోవు, నారను అడ్డంగా కోసుకుంటూ పోతాయి. అలా వచ్చిన బద్ద చూడడానికి సమంగా ఉన్నా అంచుల్లో నార తెగి ఉంటుంది, వంచినప్పుడు అక్కడే చీలికలు లేస్తాయి. రోజుకు నాలుగైదు బుట్టలు అల్లేవారికి కత్తే చాలు.

బద్దను నునుపు చేసేటప్పుడు కత్తిని కదపవద్దు. తొడ మీద మందపాటి గుడ్డ పరచుకుని, దాని మీద బద్దను ఉంచి, కత్తిని ఒకే కోణంలో ఆనించి, బద్దను వెనక్కి లాగండి. అప్పుడే మందం ఒకేలా వస్తుంది. గుండ్రటి బుట్టకు ఒకే ఈనెతో ఆగకుండా అల్లాలంటే నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. సగాలుగా చీల్చినప్పుడు మనకు వచ్చేవి సరి సంఖ్యలే కాబట్టి, ఒక బద్దను అడుగు దాకా రెండుగా చీల్చి లెక్క సరిచేస్తాము.

పచ్చ వైపు బద్ద అంచు కత్తి కంటే పదునుగా ఉంటుంది. చూపుడువేలికి, బొటనవేలికి గుడ్డ చుట్టుకోండి, బద్దను పొడవునా చేత్తో నిమరకండి. చేతిలో పేడు దిగితే వెంటనే తీసి కడగండి. ధనుర్వాతం టీకా వేయించుకోకపోతే పని మొదలుపెట్టే ముందే వేయించుకోండి.

చివరగా, చేతికి అలవాటు కావడానికి నేను అందరి చేతా చేయించే అభ్యాసం ఒకటి. నాలుగు కణుపులున్న పచ్చి ముక్క తీసుకుని ఎనిమిదిగా చీల్చండి. తరువాత ఎనిమిది బద్దలనూ వాటి వరుసలోనే మళ్లీ బొంగులాగా పేర్చి రెండు చివరలా దారం కట్టండి. పై నుంచి చూస్తే ఎనిమిది గీతలు కనిపిస్తాయి. తిన్నగా ఉన్నవి వదిలేసి, పక్కకు ఒరిగిన గీతను వేలితో వెనక్కి అనుసరిస్తూ పోయి, అది ఎన్నో కణుపు దగ్గర ఒరగడం మొదలుపెట్టిందో గుర్తించండి. తరువాతి ముక్కలో ఆ కణుపు రాకముందే ఆగి, కణుపును దెబ్బతో విప్పి, మందపు సగాన్ని వంచడం మొదలుపెట్టండి.